తక్కువ ధర వుడీ పెర్ఫ్యూమ్: అరగంటకే నా ముక్కుకు అందట్లేదు, పక్కవాళ్ళకు మాత్రం తెలుస్తోందట

కిరణ్_గచ్చిబౌలి
ఆఫీసుకు వేసుకోవడానికి కాస్త వుడీగా, అంటే చెక్క వాసన ఉండే పెర్ఫ్యూమ్ కోసం చాన్నాళ్ళు వెతికి, ఈమధ్య లాలీక్ అనే ఫ్రెంచి బ్రాండ్ వాళ్ళ ఆంక్ర్ న్వార్ తీసుకున్నా. ఈడీటీ (ఓ ద టాయిలెట్, కాస్త పలచని రకం), 100 ఎం.ఎల్. సీసా, ఆఫర్‌లో మూడు వేల లోపే వచ్చింది. వాసన నాకు బాగా నచ్చింది. తడి మట్టిలోంచి అప్పుడే పీకిన వేళ్ళు, వాటి వెనక సన్నగా పొగ.

సమస్య ఏంటంటే, పొద్దున స్నానం చేసి మెడ మీద కొట్టుకుంటే క్యాబ్ బయోడైవర్సిటీ జంక్షన్ దాటేసరికే నాకు ఏమీ తెలియట్లేదు. కాలర్ లాగి చూసుకున్నా ఉన్నట్టూ లేనట్టూ ఉంది. కానీ లంచ్ టైంలో పక్క టీం ఆయన వచ్చి "ఏం వేసుకున్నావ్, పూజగది వాసన వస్తోంది" అన్నాడు. ఇంట్లో మా ఆవిడ, కొట్టుకున్న కొత్తలో గదిలోంచి బయటికి పొమ్మంటుంది. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం బాగుందంటుంది.

ఇంతకీ ఇది నిలుస్తున్నట్టా లేనట్టా? నాకే తెలియనప్పుడు మంచిదో కాదో తేల్చుకునేదెలా? ఇంకో రెండు స్ప్రేలు ఎక్కువ కొట్టమంటారా?

బెజవాడ_బాబీ
వద్దు బ్రో. ముందు ఆ క్యాబ్‌లో నీ పక్కన కూర్చునేవాళ్ళ గురించి ఆలోచించు.

నెల్లూరు_సాగర్
నన్నడిగితే మన ఎండలకు వుడీనే వద్దు. నిమ్మ, నారింజ, లేదంటే సముద్రం టైపు ఫ్రెష్ వాసనలు వేసుకోవాలి. చెక్క, పొగ, తోలు ఇవన్నీ చలి దేశాలవాళ్ళవి.

ల్యాబ్_కోటు
కిరణ్, నీ ముక్కు బాగానే ఉంది. పెర్ఫ్యూమ్ కూడా బాగానే ఉంది. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియదు, చుట్టాలింటికి వెళ్తే గుమ్మంలోనే తెలుస్తుంది. అదే లెక్క. పైగా నువ్వు మెడ మీద కొడుతున్నావు. ముక్కుకు జానెడు దూరంలో రోజంతా అదే గాలి పీలుస్తున్నావన్నమాట.

వుడీ వాటిలో ఇంకో మెలిక ఉంది. చాలావాటిలో ఐసో ఈ సూపర్ అనే పదార్థం వాడతారు. 1973లో అమెరికాలోని ఐఎఫ్‌ఎఫ్ అనే సువాసనల కంపెనీ ల్యాబ్‌లో పుట్టింది. మెత్తగా, సెడార్ అనే దేవదారు లాంటి చెక్కకు దగ్గరగా ఉంటుంది. కొంతమందికి అది అసలే తెలియదు. కొంతమందికి వస్తూ పోతూ ఉంటుంది: కూర్చున్నంతసేపూ ఏమీ ఉండదు, లేచి నాలుగడుగులు వేస్తే గుప్పుమంటుంది. ఎర్మెస్ వాళ్ళ టెర్ దెర్మెస్‌లో ఇది బాగా ఎక్కువ పాళ్ళలో ఉంటుంది. మాలిక్యూల్ 01 అని ఇంకోటుంది, అందులో సువాసన పదార్థం ఇదొక్కటే. అది కొట్టుకుని, ఏమీ రావట్లేదేంటని సీసా మూత మళ్ళీ తీసి చూసినవాళ్ళను నేను చూశాను. అదే సమయంలో పక్క కుర్చీలో ఉన్నవాళ్ళు "ఏంటిది, బాగుందే" అంటారు.

కాబట్టి స్ప్రేలు పెంచకు, చోటు మార్చు. చొక్కా లోపల ఛాతీ మీద ఒకటి, మోచేతి మడతలో ఒకటి. మెడ వదిలెయ్.

కిరణ్_గచ్చిబౌలి
థాంక్స్ అన్నా, రేపే చోటు మార్చి చూస్తా. మరి మా ఆవిడ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఎందుకంటోంది?

ల్యాబ్_కోటు
రెండూ నిజమే కాబట్టి. మొదట ఎగిరిపోయేవి తేలికైన అణువులు: ఆల్కహాల్, నిమ్మజాతి వాసనలు, ఆకు పచ్చి వాసనలు. దీంట్లో ముందు తగిలేది సైప్రస్ చెట్టు వాసన, కాస్త ఘాటుగానే ఉంటుంది. చెక్కలు, వేళ్ళు, మస్క్ (కస్తూరి) లాంటి బరువైనవి చర్మం మీద నిదానంగా వదులుతాయి. ఆవిడ పొద్దున చూసింది పై పొర, సాయంత్రం చూసింది అడుగు పొర. వుడీ పెర్ఫ్యూమ్ కొనేది ఆ అడుగు పొర కోసమే. షాపులో కాగితం ముక్క మీద కొట్టి, ఊపి, అక్కడికక్కడే బాగుంది బాలేదు అంటే చెక్క దాకా వెళ్ళనే లేదన్నమాట.

వట్టివేరు
సాగర్ మాట నేను ఒప్పుకోను. చెక్కా వేరూ చలి దేశాలవైతే, మే నెలలో మన పాత ఇళ్ళలో కిటికీలకు ఏం కట్టేవాళ్ళు? వట్టివేళ్ళ తడికలు. మధ్యాహ్నం రెండింటికి వాటి మీద చెంబుతో నీళ్ళు చల్లితే వడగాలి కాస్తా చల్లబడి, ఆ వాసన మోసుకుని లోపలికి వచ్చేది. నీళ్ళ కుండలోనూ నాలుగు వేళ్ళు కట్టగట్టి వేసేవాళ్ళు. గంధం అరగదీసి ఒంటికి పూసుకునేదీ ఎండాకాలంలోనే.

కిరణ్ గారు వేసుకుంటున్న దాంట్లో ప్రధాన సరుకు వెటివర్, అంటే ఆ వట్టివేరే. ఫ్రాన్సువాళ్ళు హైతీ నుంచీ రీయూనియన్ దీవి నుంచీ తెప్పించుకుని సీసాలో పోశారు గానీ ఆ మొక్క సొంతూరు మన దేశమే. 44 డిగ్రీల ఎండలో నిమ్మ వాసన బస్టాపు చేరేలోపు ఎగిరిపోతుంది. వేరు మాత్రం ఉంటుంది. ఎండకు ఇంతకన్నా సరిపోయేది నాకు కనబడలేదు.

నెల్లూరు_సాగర్
వట్టివేరు వరకు మీ మాట ఒప్పుకుంటా. కానీ వుడీ అని అమ్మేవన్నీ వట్టివేరు కాదు కదండీ. తీపి వనిల్లా కలిపి, పైన దాల్చినచెక్క వేసి వుడీ అంటున్నారు. అది వేసుకుని ఏప్రిల్‌లో నెల్లూరు ట్రంకు రోడ్డు మీద నడిచి చూడండి.

వట్టివేరు
అది నిజం. తీపి కలిస్తే ఎండలో భరించలేం. పొడిగా ఉండే చెక్క వాసన వేరే, తీపి చెక్క వాసన వేరే.

బెజవాడ_బాబీ
నేను మెడికల్ రెప్‌ని. రోజంతా బండి మీద, చెమట, దుమ్ము. నాకు కావాల్సింది ఒక్కటే, పొద్దున కొడితే రాత్రి దాకా ఉండాలి. మీరు చెప్పే పై పొరలూ అడుగు పొరలూ తర్వాత. మూడు వేలు పెడితే పన్నెండు గంటలు ఉండాల్సిందే.

ల్యాబ్_కోటు
బాబీ, ఇక్కడే నేను గట్టిగా విభేదిస్తా. ఎంతసేపు ఉంటుంది అనేదాన్ని కొలబద్దగా పెట్టుకుంటే చవక పెర్ఫ్యూములన్నీ నిన్ను సులువుగా మెప్పిస్తాయి. వుడీ ఆంబర్లు అని గట్టి సింథటిక్ పదార్థాలున్నాయి. చిటికెడు వేస్తే చొక్కా ఉతికినా పోవు. కానీ చాలామంది ముక్కులకు అవి సూదిలా గుచ్చుకుంటాయి, ఆసుపత్రి స్పిరిట్ లాంటి పొడి ఘాటు. నాలుగో గంటలో ఏం వాసన వస్తోంది అని అడగాలి. ఎన్నో గంట దాకా వస్తోంది అన్నది ఆ తర్వాత సంగతి. నాలుగో గంటలో గుచ్చుకునేది పన్నెండో గంట దాకా ఉంటే అది నష్టమే.

మాధవి_వైజాగ్
ల్యాబ్ కోటు గారు చెప్పింది పక్కన కూర్చునేవాళ్ళ వైపు నుంచి నేను చెప్తాను. మా ఆఫీసు క్యాబ్‌లో ఒకాయన రోజూ ఏదో వేసుకొస్తారు. నాకు మైగ్రేన్ ఉంది. ఏసీ వేసి అద్దాలు మూసేస్తే ఎన్‌ఏడీ జంక్షన్ వచ్చేసరికి కణతలు పీకడం మొదలు. విసిగిపోయి ఒకరోజు అడిగేశాను, ఎన్ని స్ప్రేలు కొడతారండీ అని. లెక్కపెట్టను అన్నారు. తనకు వాసన తెలిసేదాకా కొడతారట! కిరణ్ గారి సమస్యే అది, కాకపోతే కిరణ్ గారు ఆగి అడిగారు.

మగవాళ్ళు పెర్ఫ్యూమ్ బాగుందో లేదో తేల్చుకోవాలంటే సొంత ముక్కును కాదు, చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషిని అడగాలి. అదీ పొగిడేవాళ్ళను కాదు. మీ అమ్మనో అక్కనో అడగండి, మొహమాటం లేకుండా చెప్తారు.

బెజవాడ_బాబీ
మైగ్రేన్ మాట నిజమే మాధవి గారూ. నేనూ చెస్ట్ డాక్టర్ల దగ్గరికి వెళ్ళే రోజు అసలు వేసుకోను. బయట కూర్చున్న పేషెంట్లలో సగంమంది ఇన్‌హేలర్ పట్టుకుని ఉంటారు. లాస్టింగ్ గురించి మాత్రం నా మాట మీద నేనున్నా.

రామ్_డల్లాస్
బాబీ, అయితే చర్మం సంగతి చూసుకో. ఇక్కడ చలికాలంలో హీటర్ గాలికి చర్మం ఎండిపోయి ఏది కొట్టినా నిలవదు. స్నానం అయ్యాక వాసన లేని మాయిశ్చరైజర్ పలచగా రాసి దానిమీద కొడితే తేడా తెలుస్తుంది. అక్కడ విజయవాడలో చెమటతో కొట్టుకుపోతుంది, కాబట్టి బట్ట మీద ఒక స్ప్రే సాయం చేస్తుంది. తెల్ల చొక్కా అయితే లోపలి వైపు కొట్టు. రంగున్న పెర్ఫ్యూమ్ మరక పడుతుంది, సిల్కు మీద అసలు వద్దు.

ఇంకోటి, షేవింగ్ చేసిన వెంటనే గడ్డం కింద కొట్టుకోకండి. మంటతో పోతే పర్లేదు. బెర్గమోట్ (నిమ్మజాతి పండు) నూనె లాంటివి ఉన్నవాటితో ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం నల్లబడి మచ్చ ఉండిపోతుంది.

కడప_చిన్నోడు
మా శేషాచలం ఎర్రచందనంతో చేసిన పెర్ఫ్యూమ్ ఏదైనా ఉందా అన్నా? మన సరుకు మనం వేసుకోవాలని.

వట్టివేరు
ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ సువాసన లేదు చిన్నోడా. దాని విలువంతా రంగులోనూ చెక్క గట్టిదనంలోనూ ఉంది. విదేశాల్లో వాద్యాలకూ ఫర్నిచర్‌కూ అడుగుతారు. పరిమళం ఇచ్చేది శ్రీగంధం, అది వేరే చెట్టు. కుటుంబమే వేరు. సీసా మీద ఎర్ర చెక్క బొమ్మ వేసి చందనం అని రాస్తే నమ్మి డబ్బులు పెట్టకు.

కడప_చిన్నోడు
ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు మా ఊళ్ళో సగంమంది ఉంటారు. సరే, మరి శ్రీగంధం పెర్ఫ్యూమ్ చవకలో?

ల్యాబ్_కోటు
అసలు శ్రీగంధం నూనె కిలో లక్ష రూపాయలు దాటి చాలాకాలమైంది. వెయ్యి రూపాయల సీసాలో ఎంత పోస్తారు? జావనోల్ లాంటి సింథటిక్ గంధం వాడతారు, తప్పేమీ లేదు. మంచిగా కలిపితే చాలా బాగుంటుంది కూడా.

తక్కువ బడ్జెట్‌లో వుడీ వైపు వెళ్ళమని నేను అందరికీ చెప్పేది కూడా ఇందుకే. గులాబీ, మల్లె, ఊద్ (అగరు) వీటికి చవక నకలు పెడితే వెంటనే తెలిసిపోతుంది. సెడార్ నూనె సహజంగానే చవక. పెన్సిళ్ళకు వర్జీనియా సెడార్ చెక్క వాడిన రోజుల్లో పెన్సిల్ చెక్కితే వచ్చే వాసన అదే. సింథటిక్ చెక్క వాసనలు కూడా బాగా మెరుగుపడ్డాయి. అందుకే రెండు మూడు వేలలో దొరికే మంచివాటిలో వుడీలే ఎక్కువ. ఆంక్ర్ న్వార్ పరిమళం కూర్చిన నతాలీ లోర్సోనే బెంట్లీ ఫర్ మెన్ ఇంటెన్స్ కూడా కూర్చారు, అదీ ఖరీదైనది కాదు. కాకపోతే అందులో రమ్, సాంబ్రాణి, తోలు, సాగర్ భయపడే సరుకంతా ఉంది. డిసెంబరు రాత్రి పెళ్ళికి వేసుకోండి, మే నెల ముహూర్తానికి వద్దు.

మాధవి_వైజాగ్
గంధం మాట వచ్చింది కాబట్టి. సింహాచలంలో అక్షయ తృతీయ నాడు చందనోత్సవం. ఏడాదికోసారి స్వామి మీది చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ తర్వాత నాలుగు విడతల్లో మళ్ళీ సమర్పిస్తారు, విడతకు మూడు మణుగులు. దానికోసం ముందుగా గంధం చెక్కలు సానల మీద నీళ్ళు వేసి అరగదీస్తారు. ఆ తడి గంధం దగ్గర ఒక్కసారి నిలబడితే తర్వాత ఏ సీసా మీద శాండల్ అని రాసున్నా మీకే తెలుస్తుంది, ఎంత దగ్గరగా వచ్చారో, ఎక్కడ పాలపొడి కలిపారో. పోల్చుకోవడానికి అసలుది ఒకసారి ముక్కుకు తెలియాలి.

పాతబస్తీ_సలీం
మాధవి గారు మంచి మాట చెప్పిన్రు. వెటివర్‌కు కూడా అంతే. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాలకు ఒకసారి రండి, ఖస్ అత్తరు, అంటే వట్టివేరు అత్తరు, అడగండి. కన్నౌజ్ నుంచి వస్తది. రాగి డేగులల్ల, అంటే పెద్ద గిన్నెలల్ల, వేళ్ళు వేసి, కింద కట్టెల మంట పెట్టి తీస్తరు. వట్టివేరు నూనె తొందరగ రాదు, గంటలకు గంటలు పడతది. రాగి వల్ల అసలు రూహ్ ఖస్ (అచ్చ వట్టివేరు నూనె) పచ్చగ ఉంటది. పచ్చ రంగు కలిపి అమ్మేటోళ్ళు కూడ ఉంటరు, రంగు చూసి మోసపోవద్దు.

అత్తరుల ఆల్కహాల్ ఉండదు. అందుకే మొదటి ఘాటు లేదు, కిరణ్ భాయ్ ఇంట్ల గొడవ కూడ ఉండదు. చెవి మడతల చిన్న దూది ఫాయా పెట్టుకుంటే సాయంత్రం దాక మెల్లగ వస్తది. దూరం పోదు, దగ్గరికొచ్చిన మనిషికే తెలుస్తది.

కిరణ్_గచ్చిబౌలి
సలీం భాయ్, ధర ఎలా ఉంటుంది? అసలుదో కాదో నాలాంటివాడు కనిపెట్టేదెలా?

పాతబస్తీ_సలీం
అసలు రూహ్ ఖరీదే, సీదా చెప్తున్న. ఒకప్పుడు అత్తరంటే వాసనను గంధం నూనెల దించేటోళ్ళు. ఇప్పుడు గంధం రేటుకు అందరితోని కాదు, చానమంది పారఫిన్ నూనె వాడుతున్నరు. దుకాణపాయన్ను నేరుగ అడగండి, దేంట్ల దించిన్రని. మంచి దుకాణపాయన దాచడు. రంజాన్ నెలల గిరాకీ మస్తుంటది, అప్పుడు నిలబడి మాట్లాడే టైం దొరకదు. మామూలు రోజుల్ల పొద్దుగాల రండి. ముంజేతి మీద ఒక గీత గీయించుకుని, గుల్జార్ హౌజ్ దాక నడిచి చాయ్ తాగి, మళ్ళ చూసుకోండి. అప్పుడు నచ్చితేనే కొనండి.

నెల్లూరు_సాగర్
మధ్యలో ముక్కు రీసెట్ కావడానికి కాఫీ గింజలు వాసన చూడాలంటారు కదా?

ల్యాబ్_కోటు
పరీక్షించి చూస్తే కాఫీ గింజలకూ ఉత్త గాలికీ పెద్ద తేడా కనబడలేదు. బయటికొచ్చి నాలుగు నిమిషాలు నిలబడు, లేదా నీ సొంత చొక్కా చేతిని వాసన చూడు. ఒకరోజుకు రెండు మూడుకి మించి చూడకు.

ఏలూరు_వంశీ
నాదొక గోడు. ఓ ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర పేరున్న వుడీ పెర్ఫ్యూమ్ సగం ధరకు కొన్నా. సీసా, డబ్బా అచ్చం అలాగే ఉన్నాయి. కొట్టిన క్షణం వాసన కూడా అదే. పది నిమిషాల తర్వాత ఏమీ లేదు, అడుగున ఉత్త స్పిరిట్ వాసన. వాపసు తీసుకోవడానికి ఒప్పుకోలేదు, సీల్ తీసేశారు కదా అన్నారు. ముందే కనిపెట్టే దారి ఉందా?

రామ్_డల్లాస్
నకిలీలు పై పొరనే కాపీ కొడతాయి వంశీ. జనం మూత తీసి ఒక్కసారి చూసి తృప్తిపడతారని వాళ్ళకు తెలుసు. అడుగు చెక్క లేకపోవడమే అసలు గుర్తు, కానీ అది సీల్ తీస్తేగానీ తెలియదు.

ఏలూరు_వంశీ
అందుకే అడుగుతున్నా.

ల్యాబ్_కోటు
ఇండియాలో అమ్మే దిగుమతి సరుకు డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఉండాలి. అది లేకపోతే అక్కడే ఆగు. డబ్బా అడుగున అచ్చువేసిన బ్యాచ్ కోడ్, సీసా మీది కోడ్ ఒకటే అవ్వాలి. స్టిక్కర్‌నూ నకలు చేస్తారు కాబట్టి అన్నిటికన్నా సులువు, తెలిసినవాళ్ళ దగ్గర 5 ఎం.ఎల్. డికాంట్ (పెద్ద సీసాలోంచి చిన్నదాంట్లోకి వంచినది) తీసుకుని, రోజూ చేసే పనుల్లో వాడి చూసి, నచ్చితేనే ఫుల్ బాటిల్. బ్లైండ్ బై (వాసన చూడకుండా కొనడం) వద్దు, ఎంత ఆఫర్ ఉన్నా సరే.

బెజవాడ_బాబీ
డికాంట్‌కు నా ఓటు కూడా. నేను జేబులో పది ఎం.ఎల్. చిన్న స్ప్రే పెట్టుకుని మధ్యాహ్నం ఒక్కసారి కొడతా. ల్యాబ్ కోటు అన్నా, నాలుగో గంట మాట ఆలోచిస్తున్నా. మొన్న ఇక్కడ చదివాక నా పాత సీసా తీసి మధ్యాహ్నం చొక్కా వాసన చూశా. మీరు చెప్పిన సూది ఉంది. కానీ నాకది నచ్చుతోంది, ఏం చేయను.

ల్యాబ్_కోటు
నచ్చితే వాడు. నీ వెనక సీటువాళ్ళకు కూడా నచ్చిందో లేదో కనుక్కో, అంతే.

కిరణ్_గచ్చిబౌలి
అప్‌డేట్. మెడ మానేసి చొక్కా లోపల ఒకటి, మోచేతి మడతలో ఒకటి కొడుతున్నా. క్యాబ్ ఎక్కడానికి అరగంట ముందే కొట్టుకుంటున్నా, సైప్రస్ ఘాటు ఇంట్లోనే దిగిపోతుంది. అప్పుడు మా ఆవిడ బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తుంటుంది కాబట్టి గొడవ లేదు. ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు, చేయి చాచి ఫైలు అందుకునేటప్పుడు నాకూ తగులుతోంది. మధ్యాహ్నానికి పొగ తగ్గి, ఉత్త వేరు మిగులుతోంది. నిన్న మా అమ్మ వస్తే మాధవి గారు చెప్పినట్టు ఏమీ చెప్పకుండా పక్కన కూర్చున్నా. "కూలర్‌లో కొత్త గడ్డి వేయించారా" అంది. వట్టివేళ్ళ మ్యాట్ అన్నమాట!

వట్టివేరు
తల్లి ముక్కు పట్టేసింది. ఇక రివ్యూలు చదవక్కర్లేదు.

నెల్లూరు_సాగర్
సరే, నాకూ ఒక 5 ఎం.ఎల్. పంపించే వీలుందా కిరణ్? మేలో వేసుకుని చూసి చెప్తా. తీపి ఉంటే మాత్రం ఒప్పుకోను.

కిరణ్_గచ్చిబౌలి
తీపి లేదు. పంపిస్తా, చిరునామా ఇక్కడ పెట్టకుండా మెసేజ్ చెయ్.

కడప_చిన్నోడు
సలీం భాయ్, ఆదివారం హైదరాబాద్ వస్తున్నా. ఖస్‌తోపాటు గంధం అత్తరు కూడా చూడాలి. పొద్దున ఎన్నింటికి తెరుస్తారు?

పాతబస్తీ_సలీం
పదకొండు తర్వాత రా తమ్మీ, అంతకంటే ముందు షట్టర్లు లేవవు. ఒంటికి ఏం కొట్టుకోకుండ రా.